ఒడినిండా గులకరాళ్ళు

"ఎవలది? నువ్వా? సచ్చిననో లేదో సూడొచ్చినవా?"

"సూడొచ్చిన."

"ఇంకా సావలేదు. పో."

ఆమెకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవి. ఆమె లోపల మంచం మీద ఉంది. నేను మూతికి కొంగు అడ్డం కట్టుకుని, బయట కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. ఆ మాట అని గోడ వైపు తిరిగి పడుకుంది. మర్నాడు పొద్దెక్కకముందే పోయింది.

నేను చెబుతుంటే రాస్తున్నది మా ఆడబిడ్డ కూతురు రజిత. నాకు సంతకం వరకే వచ్చు. ఈ కరోనా కాలంలో పోయినవాళ్ళందరి గురించీ సూరత్‌లోని మా తెలుగువాళ్ళు ఒక పుస్తకం వేస్తారట. ఒక్కొక్కరి గురించి ఎవరో ఒకరు నాలుగు మంచి మాటలు చెప్పాలట. ఈమె గురించి చెప్పడానికి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి నన్నడిగారు. మంచి మాటలు నా దగ్గర లేవన్నాను. ఉన్నవే చెప్పమన్నారు.

ఉన్నవే చెబుతున్నాను. నేను నిజంగా ఆమె చచ్చిందో లేదో చూడ్డానికే వెళ్ళాను. ఆమె పోతే గది ఖాళీ అవుతుంది. సూరత్ పక్కన పల్సానాలో సాంచాల షెడ్డు వెనక రేకుల గదుల వరుస ఉంది. సాంచాలంటే కరెంటు మగ్గాలు. ఆ వరుసలో ఒక గది నాకు రావలసింది. దానికోసమే ఎండాకాలమంతా అడవిలో రాళ్ళు మోశాను. నాకు రాకుండా చేసింది ఆమె. అందుకని చూడబోయాను. ఇందులో దాచుకునేది ఏమీ లేదు. ఆమెకే తెలిసిపోయింది, ఇక మీకు తెలిస్తే ఏమిటి?

పేరు మాత్రం రాయించను. కూలి జట్టు మీద పెత్తనం చేసే మనిషిని సూరత్‌లో ముకాదం అంటారు. మేమూ అట్లాగే అనేవాళ్ళం. పేరు పెట్టి రాయిస్తే లేచి కూర్చుని, "నా పేరు నీ నోట్లెకెట్లొచ్చిందే" అని అడిగే రకం.

పొట్టి మనిషి. చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా. చెవులు కప్పుతూ తలకు తువ్వాలు. మాస్కు ఎప్పుడూ గొంతు దగ్గర వేలాడేది. అడవి గార్డు వస్తుంటే మూతి మీదికి ఎక్కేది, ఆయన వెనక్కి తిరగగానే దిగేది. ఒక దవడలో మావా ఉండేది, వక్కలూ తంబాకూ సున్నమూ కలిపి నలిపిన ముద్ద. కొంగు ముందుకు తెచ్చి నడుములో దోపుకుని, ఆ ఒడిలో గులకరాళ్ళు పోసుకునేది. వాగులో నున్నటివి చూసి తానే ఏరుకునేది, చింతకాయలు ఏరుకున్నంత ఇష్టంగా.

ఆ రాళ్ళు మమ్మల్ని పిలవడానికి. సాంచాలు ఆడుతుంటే పక్కన నిలబడి అరిచినా వినపడదు. అందుకని షెడ్డులో మనిషిని పిలవాలంటే వీపు మీదికి నూలు చుట్టే ఖాళీ కండె విసురుతారు. తగిలినవాడు వెంటనే తిరగడు. చేతిలో తెగిన పోగు ఉంటుంది కదా, ఒక చెయ్యి పైకెత్తి ఆగమని చూపిస్తాడు. పోగు అతికించి, అప్పుడు తిరుగుతాడు. మా జట్టులో వాళ్ళంతా అట్లా బతికినవాళ్ళే. వాళ్ళ చెవులు సాంచాలు తినేశాయి. అడవిలో ఆ మోత లేదు, ఆకు రాలిన చప్పుడు కూడా తెలిసేంత నిశ్శబ్దం. అక్కడ కూడా ఆమె ఎవరినీ నోటితో పిలవలేదు. రాయి విసిరేది. రెండు రెక్కల మధ్య, ఎప్పుడూ అదే చోట. వాగులో స్నానం చేస్తూ ఆడవాళ్ళం ఒకరి వీపు ఒకరం చూసుకుంటే అందరికీ ఒకే చోట నల్లగా కమిలి ఉండేది. ఒకే దర్జీ దగ్గర రవికలు కుట్టించుకున్నట్టు అందరికీ ఒకే కొలత.

మేము అక్కడికి ఎట్లా చేరామో చెప్పాలి. కరోనా వచ్చిన మొదటి ఏడు మా ఆయన పోయాడు. ఆసుపత్రిలోకి నడిచి వెళ్ళిన మనిషి ప్లాస్టిక్ సంచీలో బయటికి వచ్చాడు. సంచీని దూరం నుంచి చూపించారు. అందులో ఉన్నది ఆయనేనన్నారు. నేను సరేనన్నాను. ఆ తర్వాత సూరత్‌ అమ్రోలిలో మా బావగారి ఇంటి వరండాలో, నీళ్ళ డ్రమ్ముల పక్కన చాప వేసుకుని ఉండేదాన్ని. రెండో ఎండాకాలం వచ్చేసరికి రింగ్ రోడ్డు బట్టల బజార్లు మళ్ళీ మూతపడ్డాయి. సాంచాలు ఆగాయి. మా తోటికోడలు ఒకరోజు చీపురు చేత్తో పట్టుకునే చెప్పింది.

"చెల్లె, వానలు పడితె ఈ వరండల సామాను పెట్టుకోవాలె. నీ దారి నువ్వు సూస్కో."

ఆ వారంలోనే ముకాదం మా గల్లీలోకి వచ్చింది. డాంగ్ కొండల్లో అడవిబాట పని ఉందట. పనిపట్టిన కాంట్రాక్టరుకు అక్కడి మనుషులు దొరకలేదు. రోగం భయంతో ఊళ్ళవాళ్ళు దారులకు ముళ్ళకంపలు అడ్డం వేసుకుని కూర్చున్నారు. చిన్నప్పుడు మా సొంతూళ్ళ వైపు కరువు పనికి పోయి రోడ్లు వేశానని, రాయి సంగతి తనకు తెలుసని చెప్పి ఈమె ఆ పని అందుకుంది. గల్లీ మధ్యలో నిలబడి మా అందరికీ ఒక్కసారే చెప్పింది.

"వానలొచ్చేదాక ఉండాలె. సాంచాలు నడిపే కారిగర్లు ఊళ్ళకు పోయి పల్సానాల సేఠు గదులు ఖాళీగున్నయ్. సాంచాలు మల్ల నడిస్తె మనుషులు కావాలె. ఆఖరిదాక నాతోని ఉన్నోళ్ళకు గది, కండెల పని. నేను మాట్లాడిన. మధ్యల దిగినోళ్ళకు ఏం లేదు. ఆడనే రాం రాం."

నా దగ్గర ఆగింది. పశువును చూసినట్టు చూసింది.

"మొగడు పోయిండా?"

"పోయిండు."

"పిల్లలు?"

"లేరు."

"మంచిది. బరువు లేదు. నువ్వు కొత్త ముండవు, నేను పాత ముండను. నడువు."

నేను గది గురించే ఆలోచించాను. నాలుగు గోడలు, లోపల గొళ్ళెం. ఎవరి సామానూ పెట్టుకోవడానికి నన్ను లేపని చోటు. అంతకుమించి ఆ రోజు నాకేమీ అక్కరలేదు.

కొండ మీదికి పాత కాలిబాట ఒకటి ఉంది. చాలా వానాకాలాలు ఎవరూ పట్టించుకోక సగం కొట్టుకుపోయింది. మిగతా సగాన్ని ముళ్ళపొదలు మింగాయి. ఆ పొదలు కొట్టాలి. బాటకు అడ్డంగా ఏటవాలు కాలువలు తీయాలి, వాన నీళ్ళు బాట పట్టుకుని పరుగెత్తకుండా పక్కకు దిగిపోవడానికి. నిటారుగా ఉన్న చోట రాతిమెట్లు కట్టాలి. సిమెంటు లేదు, సున్నం లేదు. రాయి మీద రాయి కదలకుండా కూర్చోవాలి, అంతే. మాకేం తెలుసు? బతుకంతా నీడపట్టున నిలబడి పనిచేసినవాళ్ళు వాళ్ళు. నేనైతే షెడ్డు మొహం కూడా చూడలేదు, ఇంట్లో కూర్చుని చీరలకు మెరిసే టిక్కీలు అతికించేదాన్ని. గడ్డపార పట్టిన మొదటి రోజుల్లోనే అరచేతులు పొక్కి పగిలాయి. ఆమెకు చూపించాను.

"సేతులు తెరిసి సూపెడితె నేనేమన్న జాతకం సెప్పాల్నా?" అంది.

బాట వెడల్పు కొలవడానికి గార్డు ఒక కర్ర ఇచ్చి వెళ్ళాడు. ఆమె ఆ కర్రను పొయ్యిలో పెట్టింది. బాటకు అడ్డంగా తానే పడుకునేది. చేతులు పక్కన చాపుకుని, కళ్ళు మూసుకుని, అచ్చం శవం లాగా. తల ఇటు అంచుకు ఆనాలి, మోకాళ్ళు అటు అంచుకు రావాలి. పడుకునే చెప్పేది.

"పాడె పట్టాలె. ఇటొకడు, అటొకడు మోసేటోళ్ళు నడవాలె."

మాలో పెద్దవాడు మల్లేశం మామ. సాంచాల మధ్యే ముసలివాడైన మనిషి, చెవులు పూర్తిగా పోయాయి. ఎదుటివాళ్ళ మూతి చూసి మాట పట్టుకునేవాడు, అందుకని ఆయనతో మాట్లాడేటప్పుడు మాస్కు దించాల్సిందే. ఒకరోజు నవ్వుతూ అన్నాడు.

"పాడెలెక్కడియే ముకాదం? సూరత్‌ల ఇప్పుడంత సంచులే గదా."

ఆమె లేవకుండానే తల తిప్పి, ఆయనకు మూతి కనపడేట్టు చెప్పింది. "అట్లయితె నిన్ను సంచిలనే మోస్తం తియ్యి. బాట సన్నగున్న సరిపోతది."

అందరూ నవ్వారు. మల్లేశం మామ అందరికన్నా ఎక్కువ నవ్వాడు.

నేను కట్టిన మొదటి మెట్టు నాకు ఇంకా గుర్తుంది. పొద్దున్నుంచి దాని మీదే ఉన్నాను. కింద చిన్న రాళ్ళు దట్టించి, మన్ను కొట్టి, పైన పలకరాయి పెట్టాను. ఆమె వచ్చి దాని మీద ఎక్కింది. రెండు కాళ్ళూ ఎడం చేసి అటూ ఇటూ ఊగింది. రాయి కొంచెం కదిలింది. పిల్లలు ఉయ్యాల ఊగినట్టు ఇంకా ఊగింది, జట్టంతా చూసేట్టు.

"సూడున్రి, కొత్తముండ మెట్టు కట్టలే, తొట్టెల కట్టింది. పండుకోబెట్టనీకి పిల్లగాడు లేకపాయె!"

నాకు ఏడుపొచ్చింది. కూర్చుండిపోయాను. వీపు మీద రాయి తగిలింది.

"ఏడిస్తె నీళ్ళు దండుగ. ఆ నీళ్ళు వాగు నుంచి మోసుకొచ్చింది నువ్వే. పీకు, మల్ల కట్టు."

పీకి మళ్ళీ కట్టాను. పొద్దు వాలేసరికి అయింది. మళ్ళీ వచ్చి ఎక్కింది. ఊగింది, గెంతింది, మడమతో తన్నింది. రాయి కదల్లేదు. మావా ఉమ్మి, దిగి, ముందుకు వెళ్ళిపోయింది. ఆమె ఉమ్మి వెళ్ళిపోవడమే మెచ్చుకోలు అని తర్వాత పుష్ప చెప్పింది. పుష్ప నా పక్కనే పనిచేసేది. ఆమెకు మొగుడూ ఇద్దరు పిల్లలూ సూరత్‌లో ఉండేవాళ్ళు.

అసలు సంగతి రొట్టెలది. ఆ కొండ మీద ఒక్క బండ దగ్గరే ఫోను పలికేది. అక్కడికి మమ్మల్ని వెళ్ళనిచ్చేది కాదు. మా అందరి ఫోన్లూ గంపలో వేసుకుని మధ్యాహ్నం తానొక్కతే ఎక్కేది.

"మీరు పోతె ఆడనే కూసోని ఏడుస్తరు. సావు సూరత్‌ల ఉన్నది. ఈడ పని ఉన్నది" అనేది. ఈ మాట ఆమె నోట్లో మావా లాగే ఎప్పుడూ నానుతూ ఉండేది.

అందరి ఇళ్ళ నుంచీ వచ్చిన కబుర్లు తానే వినేది. దిగి వచ్చి గంప మూలన పెట్టేది. నోరు విప్పేది కాదు. మొహం చూసి కనిపెడదామంటే ఆ మొహంలో ఏమీ ఉండేది కాదు. పని దిగాక పళ్ళాలు పట్టుకుని వరుసలో నిలబడేవాళ్ళం. మనిషికి రెండు జొన్నరొట్టెలు, కారం. అడక్కుండా మూడో రొట్టె వేసిందంటే ఇంట్లో ఒకరు పోయినట్టు.

"మీ మేనమామ పోయిండు. తిను."

"మీ వదినె. పొద్దుగాల్నే అయిపోయిందట. తిను."

ఇంతే చెప్పేది. పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడేవాళ్ళం. ఆ చెయ్యి పక్కకు నెట్టి వేసేది. ఒకరోజు పుష్ప పళ్ళెంలో మూడోది వేసి, ఆగి, నాలుగోది కూడా వేసింది. అమ్మా, నాన్నా. పుష్ప అట్లాగే నిలబడిపోయింది. ఆ నాలుగూ మింగేదాకా ముకాదం ఆమె ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడింది.

"రేపు నువ్వు రాయి ఎత్తాలె. పోయినోళ్ళు ఎత్తరు. తిను."

నాకు ఎప్పుడూ రెండే. నా వంతు వచ్చినప్పుడు అందరికీ వినపడేట్టు అనేది. "నువ్వు భయపడకే. నీకు మూడోది రాదు. నీకెవ్వలున్నరు?"

ఒకరోజు తన పళ్ళెంలో తానే మూడు వేసుకుంది. మేమంతా చూశాం. ఆమె ఎప్పుడూ నిలబడే తినేది, సాంచాల దగ్గర తిన్నట్టు, రొట్టె చుట్ట చుట్టి ఒక చేత్తో పట్టుకుని. ఆ రోజూ అట్లాగే మూడూ తింది. ఎవరని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. భివండీలో ఉన్న ఒక్కగానొక్క కొడుకని తర్వాత తెలిసింది. మర్నాడు పొద్దున ఆమె విసిరిన రాళ్ళు మామూలు కన్నా గట్టిగా తగిలాయి.

వానలు దగ్గరికొచ్చాయి. మధ్యాహ్నాలు ఉక్క పోసేది, కొండ వెనక మబ్బు కనిపించేది. బాట దాదాపు అయిపోయింది. పైన ఒక మలుపు దగ్గర పెద్ద మెట్టు ఒకటి మిగిలింది. దానికి కింద వాగు నుంచి పెద్దరాయి లాగాలి. టేకుచెట్టుకు ఒక చుట్టు తిప్పి తాడుతో లాగుతున్నాం. తాడు చాలలేదు. కొత్తది, ప్లాస్టిక్ తాడు, రెండు ముక్కలు. అతకాలి.

అతుకు అనగానే అందరి చేతులూ లేచాయి. పోగు అతకడం వాళ్ళకు ఊపిరి తీయడం లాంటిది. ముకాదం అందరినీ తోసేసి తానే తీసుకుంది. సాంచా ఆపకుండా, ఆడుతుండగానే పోగు అతికించగల చెయ్యి తనదని చెప్పుకునేది. రెండు కొనలు కలిపి, బొటనవేలితో నొక్కిపట్టి, ఒక్క మెలిక తిప్పి బిగించింది. బిగించి, కొడవలి తీసుకుని, మిగిలిన రెండు తోకలూ ముడి దగ్గరికంటా కోసేసింది. పోగుకు తోక మిగిలితే మగ్గం పన్నె పళ్ళ మధ్య తట్టుకుని మళ్ళీ తెగుతుంది. అందుకని నేతవాళ్ళు తోక ఉంచరు. ముడి ఎంత అందంగా వచ్చిందో అని అందరూ చూసి మెచ్చుకున్నారు కూడా. జారుడు తాడుకు తోక పొడుగ్గా ఉంచకపోతే ముడి నిలవదని ఒక్కరికీ తోచలేదు. వాళ్ళ చేతుల్లోంచి వెళ్ళిన దారాలేవీ అట్లా జారలేదు.

రాయి సగం దూరం వచ్చింది. కింద మల్లేశం మామ మాకు వీపు పెట్టి కాలువ తీస్తున్నాడు. తాడు ఒక్కసారి చేతుల్లో తేలికైపోయింది. ముడి విడిపోయింది. రాయి వెనక్కి దొర్లింది.

అందరం అరిచాం. ఆయనకు ఏం వినపడుతుంది? ముకాదం ఒడిలోంచి రాయి తీసి విసిరింది. గురి తప్పలేదు. సరిగ్గా రెండు రెక్కల మధ్య తగిలింది. మల్లేశం మామ తిరగలేదు. ఎడమ చెయ్యి పైకెత్తి, ఆగు, చేతిలో పని ఉంది, వస్తున్నా అన్నట్టు చూపించాడు. ఇంకో రాయి విసిరింది. అదీ తగిలింది. చెయ్యి ఇంకా పైకే ఉంది. అప్పుడు పెద్దరాయి ఆయన్ని చేరింది.

ప్రాణం పోలేదు. మోకాలి కింద కాలు మాత్రం ఇక కాలు కాదు.

గార్డు పరుగెత్తుకొచ్చాడు. తెగిన తాడనుకుని కొన పట్టుకుని చూశాడు. తెగలేదని, ముడి జారిందని తెలిసింది. "కోణే బాంధ్యుం?" అని అరిచాడు. ఎవరు కట్టారని.

ముకాదం మాస్కు మూతి మీదికి లాక్కుని, ఈ ఆడదే అన్నట్టు నా వైపు వేలు చూపించింది.

"ఈ బాయి."

జట్టులో ఆ ముడి వెయ్యడం రానిదాన్ని నేనొక్కదాన్నే. అది అందరికీ తెలుసు. గార్డుకు తెలియదు. నేను కాదని తెలుగులో అరిచాను, హిందీలో అరిచాను. పుష్ప వైపు చూశాను. పుష్ప తల వంచుకుని చేతులకంటిన మట్టి గోకుతోంది. మిగతావాళ్ళు తాడు చూస్తున్నారు. ముకాదం నా దగ్గరికి వచ్చి, గార్డుకు అర్థం కాకుండా, వంట సంగతి మాట్లాడినట్టు నెమ్మదిగా చెప్పింది.

"దిగు. నువ్వు నోరు తెరిస్తె అందరం దిగుతం."

రెండు వెదురుబొంగులకు టార్పాలిన్ కట్టి మల్లేశం మామను కిందికి మోశారు. ఇటొకరు, అటొకరు నడవడానికి బాట సరిపోయింది. అదే జీపులో నన్నూ పంపేశారు. దారి పొడుగునా ఆయన తల నా ఒళ్ళో ఉంది. నా మూతి చూసి ఏమైనా కనిపెడతాడేమోనని నేను కొంగు కప్పుకున్నాను. సూరత్ చేరేసరికి వాన మొదలైంది. మా తోటికోడలు డ్రమ్ములు లోపలికి జరిపింది. నా చాప తడిసింది.

దసరా తర్వాత సాంచాలు గట్టిగా నడిచాయి. జట్టంతా పల్సానా గదుల్లో దిగారని తెలిసి వెళ్ళాను. వరుసంతా తలుపులకు చీర ముక్కలు కట్టి, బయట చెప్పులు, పొయ్యి మీద పప్పు వాసన. ఒక్కరూ బయటికి వచ్చి పలకరించలేదు. చివరి గది గడప మీద ఆమె కూర్చుని మావా నలుపుతోంది.

"నన్నే ఎందుకు సూపెట్టినవ్?"

"ఎవర్నో ఒకర్ని సూపెట్టాలె గదా."

"అందుకని ముడి రానిదాన్ని సూపెడతవా? ముడి నువ్వేసినవ్."

"ఏసిన. మంచిగనే ఏసిన. గా తాడు మంచిది గాదు."

"మామ కాలు పోయింది."

"పోయింది. తెచ్చియ్యాల్నా?" ముద్ద దవడలో పెట్టుకుంది. "ఇను. పుష్పకు ఇద్దరు పిల్లలు. మల్లేశానికి కొడుకు, కోడలు, మనుమరాలు. నేను దిగితె జట్టంత దిగుతది. నువ్వు దిగితె నువ్వొక్కదానివే దిగుతవ్. దీంట్ల పగేం లేదు."

పగ ఉందని చెప్పి ఉంటే నాకు నయంగా ఉండేది.

"నీకు మాత్రం ఎవలున్నరు?" అన్నాను. తగలాలనే అన్నాను. మూడు రొట్టెల రోజు గుర్తుపెట్టుకునే అన్నాను.

ఆమె దవడ ఆడడం ఆగింది. కాసేపే. మళ్ళీ నమలడం మొదలుపెట్టింది.

"ఎవ్వలు లేరు. అందుకే సెప్తున్న. ఎవ్వలు లేనోళ్ళకు గది ఎందుకే? గోడలు సూసుకుంట కూసోనీకా?"

ఆ మాట తన గది గడప మీద కూర్చునే అంది.

చలికాలంలో మళ్ళీ రోగం లేచింది. ఆమెకు తగిలిందని అమ్రోలిలో మార్కెట్‌కు పోయినప్పుడు ఎవరో చెప్పారు. బస్సెక్కి వెళ్ళాను. కిటికీ దగ్గర ఏం మాట్లాడుకున్నామో మొదటే చెప్పాను. ఆ వరుసలో అన్ని గదుల తలుపులూ మూసి ఉన్నాయి. అంతమందికి గదులు ఇప్పించిన మనిషికి ఎవరూ గ్లాసెడు నీళ్ళు పెట్టలేదు. నేనూ పెట్టలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళేసరికి బండి వచ్చింది. సంచీని ఎక్కించేటప్పుడు దగ్గరగా నిలబడ్డాను. ఈసారి లోపల ఎవరున్నారో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

రోగంతో పోయిన మనిషి గదిలోకి రావడానికి ఎవరూ ఒప్పుకోలేదు. అద్దె తగ్గిస్తానని సేఠు అన్నా రాలేదట. నేను సేఠు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"ఉస్ ఖోలీ మే? డర్ నహీ లగతా?" అన్నాడు. ఆ గదిలోనా, భయం లేదా అని.

"నహీ సేఠ్" అన్నాను.

నాకు గది అట్లా వచ్చింది. ఆమె ఇప్పించలేదు. పోతూ పోతూ సేఠుకు చెప్పి ఉంటుందని పుష్ప ఒకసారి అనబోయింది. అట్లాంటి కథలు నా దగ్గర చెప్పొద్దన్నాను. ఫినాయిలు పోసి కడిగాను. గోడకు సున్నం కొట్టాను. లోపల గొళ్ళెం బాగానే పడుతుంది. షెడ్డులో కండెల పని ఇచ్చారు. పోగు అతకడం ఇప్పుడు నాకూ వచ్చు.

మొన్న మల్లేశం మామ కర్ర ఊతగా నా గడప దగ్గరికి వచ్చాడు. మూడు తలుపుల అవతలే ఉంటాడు. ఇన్నాళ్ళూ నా మొహం చూసేవాడు కాదు. నేను కట్టిన ముడి వల్లే కాలు పోయిందని నమ్మి నా మీద కోపంగా ఉన్నాడనుకున్నాను. ఎప్పటికైనా ఆయనకు అసలు సంగతి చెప్పాలనుకున్నాను. కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాను. ఆయనకు కనపడేట్టు మూతి పైకెత్తి మొదలుపెట్టబోయాను. ఆయనే మొదలుపెట్టాడు, చెవిటివాళ్ళు మాట్లాడినట్టు పెద్దగా.

"ముడి నువ్వేసింది గాదు బిడ్డా. నాకు తెల్సు."

"ఎప్పుడు తెల్సింది?"

"ఆ దినమే. తాడు కొన నా పక్కకే వచ్చి పడ్డది. తోకలు గోరంత లేకుంట కోసి ఉన్నయ్. గా కోత ఎవలిదో నాకు తెల్వదా? టిక్కీలు అతికించేదానివి, నీకు యాడొస్తది గా ముడి?"

"మరి గార్డుకెందుకు సెప్పలే?"

"అప్పుడు నొప్పి."

"తర్వాత?"

చాయ్ ఊదుకున్నాడు. ఒక గుక్క తాగాడు.

"తర్వాత గది. కాలు ఎట్లయిన పాయె. గది గూడ పోతె పిల్లల్ని యాడ పెట్టాలె? ముకాదం దవాఖానకొచ్చి సెప్పింది, నువ్వు నోరు మూస్కుంటె నీ కొడుకుకు మంచి గది, గాలి తగిలేది, అని. మూస్కున్న." గ్లాసు కింద పెట్టాడు. "నువ్వైన గట్లనే జేస్తుంటివి."

చేసేదాన్నో లేదో నాకు తెలియదు. నన్నెవరూ అడగలేదు. ఆయన కర్ర అందుకుని లేచాడు.

"చాయ్ మంచిగున్నది. జర చక్కెర ఎక్కువేస్తవ్ నువ్వు" అని చెప్పి మూడు తలుపుల అవతలికి వెళ్ళిపోయాడు.

ఆమె గురించి నా దగ్గర ఉన్నవి ఇవే. ఇగ సదువు రజితా, మొదటికెంచి. మనసుల గాదు, పైకి సదువు. ఆ తలుపు తియ్యి.

"అత్తా, మెల్లగ చదువుతా. షిఫ్టు దిగిండ్రు అందరు. సబ్ సున్ లేంగే."

అందుకే గదా తియ్యుమన్నది. మల్లేశం మామకు ఇనబడది, ఆయన కోడలికి ఇనబడుతది. పుష్పకు ఇనబడుతది. ఇంకా బార్ల తియ్యి. గొంతు పెంచు బిడ్డా, సాంచాలు ఆడుతుంటె ఒర్రినట్టు సదువు.